అక్యూట్: చిన్నదా, పెద్దదా, వాడిదా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకి కూడా సంగతి తెలుస్తుంది. ఆరో తరగతి చదివే మీ పాప లెక్కల పుస్తకంలో అక్యూట్ యాంగిల్ అంటే అల్పకోణం, తొంభై డిగ్రీల కంటే చిన్నది అని చదివింది. అదే వారం మీ అత్తగారికి కడుపునొప్పి వస్తే ఆస్పత్రి కాగితం మీద 'అక్యూట్ గ్యాస్ట్రైటిస్' అని రాశారు. ఫోన్‌లో వెతికితే 'తీవ్రమైన' అని చూపించింది. ఇంట్లో అందరికీ టెన్షన్. పాప మాత్రం "ఒకే మాట లెక్కల్లో చిన్నదీ, ఆస్పత్రిలో పెద్దదీ ఎలా అవుతుంది?" అని అడిగింది. ఆ మాట ఎక్కడ పుట్టింది, 'క్యూట్' దానికి చుట్టమేనా అని మీరు ఇంకో రెండు ప్రశ్నలు కలిపారు.

పాప పట్టుకున్నది అసలైన చోటే. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఎక్కువ భాగం ఆస్పత్రుల కాగితాలు, కొంత పాఠ్యపుస్తకాల పని. ఈ ఒక్క మాట దగ్గర నేనే బోర్లా పడ్డాను, ఆ సంగతి కింద చెప్తాను. జవాబు మాత్రం ముందే చెప్పేస్తాను. అక్యూట్ అంటే చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. వాడిది, మొన ఉన్నది. ఆ మాటకు కొలతతో పని లేదు, ఆకారంతోనే పని. కోణం దగ్గరకు వచ్చేసరికి మన పుస్తకాలు దాన్ని 'చిన్న' చేశాయి. జబ్బు దగ్గరకు వచ్చేసరికి మా అనువాదకులం దాన్ని 'పెద్ద' చేశాం.

లాటిన్‌లో 'అకుస్' అంటే సూది. 'అకువెరె' అంటే పదును పెట్టడం. పదును పెట్టించుకున్న వస్తువు 'అకూతుస్'. దాని చివర తోక కత్తిరిస్తే ఇంగ్లీషు అక్యూట్. ఆక్యుపంక్చర్‌లో మొదటి ముక్క ఆ సూదే. కాబట్టి ఈ మాట వినగానే మనసులో ఒక సూదిమొననో, ఇప్పుడే సాన పట్టిన చాకునో తెచ్చుకోండి. అర్థాలన్నీ అక్కడి నుంచి తీగలాగా వస్తాయి.

మేముండే హైదరాబాద్ నల్లకుంట వైపు ఇప్పటికీ అప్పుడప్పుడు సైకిల్‌కి సానరాయి బిగించుకుని ఒకాయన వస్తాడు. స్టాండు వేసి, పెడల్ తొక్కుతూ, తిరిగే రాయి మీద చాకును వాల్చి పెడతాడు. ఆ వాల్చడంలోనే ఉంది విద్యంతా. కూరగాయలు తరిగే చాకు అంచును ఒక్కో వైపు సుమారు 15 నుంచి 20 డిగ్రీలలో సాన పడతారు. కొబ్బరికాయలు కొట్టే కత్తికి అంత సన్నటి అంచు పెడితే నాలుగు దెబ్బలకే మడత పడుతుంది, అందుకని దాని అంచును కొంచెం మందంగా ఉంచుతారు. అంచు దగ్గర రెండు ముఖాలు కలిసే కోణం ఎంత తక్కువైతే చాకు అంత వాడి. మనం చేత్తో నొక్కే బలం అంతా వెంట్రుకంత వెడల్పు మీద పడుతుంది కాబట్టి టమాటా చితకకుండా తెగుతుంది. మీ పాపకి అల్పకోణాన్ని కాగితం మీద కాదు, వంటింట్లో చూపించండి (చాకు మీ చేతిలోనే ఉంచుకుని). 'చిన్న కోణం' 'వాడి కోణం' ఎందుకైందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

గ్రీకులు చూసింది కూడా ఇదే. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన రేఖాగణితంలో లంబకోణం కంటే చిన్నదాన్ని 'ఒక్సేయా' అన్నాడు, అంటే వాడిది. పెద్దదాన్ని 'అంబ్లేయా' అన్నాడు, అంటే మొద్దుది. లాటిన్ వాళ్లు ఆ రెండింటినీ తమ మాటల్లోకి మార్చుకున్నారు: అకూతుస్, ఒబ్తూసుస్. రెండోది కొట్టి కొట్టి మొన పోగొట్టడం అనే అర్థం నుంచి వచ్చింది, అదే ఇంగ్లీషు ఆబ్‌ట్యూస్. 1570లో హెన్రీ బిల్లింగ్స్‌లీ యూక్లిడ్‌ను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. కోణానికి అక్యూట్ అనే మాట ఇంగ్లీషులో స్థిరపడింది ఆ కాలంలోనే. ఇంగ్లీషులో మనిషిని ఆబ్‌ట్యూస్ అంటే 'మొద్దు' అని తిట్టినట్టు. మన దగ్గర కూడా బుర్ర మొద్దుబారింది అనే అంటాం కదా. (పిల్లల్లో ఒక కంటికి చూపు మందగించే జబ్బును ఆంబ్లయోపియా అంటారు, మంచి కంటికి ప్యాచ్ కట్టి చికిత్స చేస్తారు. అందులో ఉన్నది ఆ గ్రీకు 'మొద్దు' మాటే. దానికి ఎదురుగా చూపు వాడిని కొలిచే 6/6, 6/12 లెక్కను విజువల్ అక్యూటీ అంటారు. కంటి డాక్టర్ గదిలో ఈ రెండు మాటలూ ఎదురుబొదురుగా కూర్చుంటాయన్నమాట.)

ఇక మన తెలుగు పేర్లు. నేను బళ్లో చదివేటప్పుడు లఘుకోణం, గురుకోణం అని నేర్చుకున్నాను. ఇప్పటి పుస్తకాల్లో అల్పకోణం, అధికకోణం. మొదటి జత తేలిక, బరువుల లెక్క. రెండో జత తక్కువ, ఎక్కువల లెక్క. రెండింట్లోనూ మొన లేదు. తప్పని అనను, పిల్లలకి కొలత గుర్తుండటానికి అల్పకోణమే సులువు. కానీ ఆ పేరు పెట్టినప్పుడు కత్తి జారిపోయింది, సంఖ్య మిగిలింది. మీ పాప తికమకలో సగం దీని వల్లే వచ్చింది.

అయితే ఒక తమాషా ఉంది. కత్తి ఒక తలుపులోంచి జారిపోతే ఇంకో తలుపులోంచి వచ్చి మన పుస్తకంలోనే కూర్చుంది. పాప పుస్తకంలో చతురస్రం ఉంటుంది చూడండి. చతుర్ అంటే నాలుగు. మరి 'అస్రం'? సంస్కృతంలో 'అశ్రి' అంటే పదునైన అంచు, మూల. నాలుగు అశ్రులు ఉన్నది చతురశ్రం, మన లెక్కల పుస్తకంలో చతురస్రం అయింది. ఈ అశ్రి, లాటిన్ సూది అకుస్, ఇంగ్లీషు ఎడ్జ్, అన్నీ ఒకే తల్లి పిల్లలు. వేల ఏళ్ల కిందటి ఆ తల్లిభాషలో 'అక్' అనే ధాతువుకు వాడిగా ఉండటం, మొన తేలి ఉండటం అని అర్థం చెబుతారు భాషావేత్తలు. అంటే అక్యూట్ మనకు పరాయి మాటే కానీ దాని అక్కచెల్లెలు ఎప్పటినుంచో మన ఇంట్లోనే ఉంది. సంగీతం, కూచిపూడి నేర్చుకునే పిల్లలుంటే వాళ్లకి ఇంకా దగ్గర: తాళాల జాతుల్లో చతురశ్రం, తిస్రం ఉన్నాయి కదా. తిస్రం అన్నది 'త్ర్యశ్రం' నలిగి వచ్చిన రూపం, మూడు మూలలది అని. తాళానికి మూలలేమిటి అని చిన్నప్పుడు నాకు అనుమానంగా ఉండేది. లెక్కలోని ఆకారం పేరే లయకూ పెట్టారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆస్పత్రి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఇంట్లో కంగారు పుట్టింది ఇక్కడే, నా తప్పు కూడా ఇక్కడిదే.

ఇంగ్లీషులోకి అక్యూట్ మొదట వచ్చింది కోణంతో కాదు, జ్వరంతో. 14వ శతాబ్దం చివరికే జ్వరాలకు, రోగాలకు వాడటం మొదలైంది. కోణానికి రావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. వైద్యులకు ఆ మాట గ్రీకుల నుంచే అందింది. హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న వైద్య రచనల్లో 'వాడి జబ్బుల'కు పథ్యం ఏమిటనే గ్రంథమే ఒకటి ఉంది. వాడి జబ్బు అంటే ఒక్కసారిగా లేచి, త్వరగా పతాక స్థాయికి చేరి, ఇటో అటో తేలిపోయేది. గ్రాఫ్ గీస్తే సూదిమొనలా నిట్టనిలువునా లేచి దిగుతుంది. దానికి ఎదురు మాట క్రానిక్. గ్రీకులో 'ఖ్రోనోస్' అంటే కాలం. ఏళ్ల తరబడి సాగేది క్రానిక్. అంటే డాక్టర్లు ఈ జతతో చెప్పేది ఎప్పుడు మొదలైంది, ఎంతకాలం ఉంటుంది అనే సంగతి. ఎంత ప్రమాదం అనేది వేరే ప్రశ్న. దానికి వాళ్ల దగ్గర మైల్డ్, మోడరేట్, సివియర్ అని వేరే మాటలున్నాయి.

నమ్మకం కుదరకపోతే రెండు సాక్ష్యాలు. మామూలు జలుబు ఉంది కదా, రోగాల అంతర్జాతీయ జాబితాలో దాని పేరు అక్యూట్ నేసోఫేరింజైటిస్. దాన్ని 'తీవ్రమైన' అని తెలుగు చేస్తే అల్లం టీతో పోయే జలుబుకి అంబులెన్స్ పిలవాలి. రెండోది సార్స్. ఆ పేరు విప్పితే 'సివియర్ అక్యూట్ రెస్పిరేటరీ సిండ్రోమ్'. సివియర్, అక్యూట్ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకటే అయితే పేరు పెట్టినవాళ్లు రెండుసార్లు ఎందుకు రాస్తారు? 2003లో ఆ జబ్బు వార్తలు వచ్చినప్పుడు, తర్వాత 2020లో కరోనా వైరస్‌కు సార్స్ పేరుతోనే నామకరణం చేసినప్పుడు, తెలుగులో 'తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి' అని రాసుకుని సరిపెట్టుకున్నాం. రెండు మాటల్లో ఒకటి మింగేశాం. మింగింది అక్యూట్‌నే.

నా కథ ఇది. పదిహేనేళ్ల కిందట అనుకుంటా, నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి రోగులకిచ్చే సమాచార పత్రాలు తెలుగు చేసిపెట్టాను. అక్యూట్ కనిపించిన ప్రతిచోటా కళ్లు మూసుకుని 'తీవ్రమైన' అని రాశాను. నిఘంటువులో అదే ఉంది, అందరూ అదే రాస్తున్నారు. రెండు నెలల తర్వాత అక్కడి కౌన్సెలర్ ఫోన్ చేసింది. "అమ్మా, అక్యూట్ బ్రాంకైటిస్ కాగితం చదివి ఒక పెద్దాయన డాక్టర్ పక్కనే ఉన్నా మాట వినకుండా, 'నాకు తీవ్రంగా ఉందంట, మీరు దాస్తున్నారు' అని కొడుకుని తీసుకుని ఇంకో ఆస్పత్రికి వెళ్లిపోయాడు" అని చెప్పింది. ఆయనకు వచ్చింది రెండు మూడు వారాల్లో తగ్గే దగ్గు. ఆయన తప్పేం లేదు. తెలుగు తెలిసినవాడు తెలుగు చదివాడు, అంతే. ఆ రాత్రి కూర్చుని పత్రాలన్నీ మళ్లీ తిరగరాశాను. డబ్బులు అడగలేదు, అడిగే మొహం లేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇలా ఉంది. రోగి చదివే కాగితమైతే 'హఠాత్తుగా మొదలైన' అని రాస్తాను. చోటు తక్కువైతే 'ఆకస్మిక' అంటాను. ఆయుర్వేదం వాళ్ల దగ్గర ఆశుకారి, చిరకారి అని ఒక చక్కని జత ఉంది, త్వరగా పనిచేసేది, నిదానంగా పనిచేసేది అని. ఆశుకవిత్వంలోని 'ఆశు'నే అది. అర్థం సరిగ్గా సరిపోతుంది కానీ డిశ్చార్జి కాగితం మీద ఆశుకారి అని రాస్తే పెద్దాయన ఈసారి నా ఇంటికే వస్తాడు. ఇక డాక్టర్లు 'అక్యూట్ ఆన్ క్రానిక్' అని కూడా రాస్తుంటారు. దాన్ని తీవ్ర, దీర్ఘ అని ముక్కకి ముక్క అతికిస్తే ఎవరికీ ఏమీ బోధపడదు. పాత జబ్బు ఒక్కసారిగా ఎక్కువవడం అని విప్పి రాయడమే దారి.

ఒక్క జాగ్రత్త. అక్యూట్ అంటే తీవ్రం కాదన్నాను కదా అని అక్యూట్ అంటే తేలిక అని అనుకోకండి. అక్యూట్ అపెండిసైటిస్‌ని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట ప్రమాదం ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. మీ అత్తగారి విషయంలో డాక్టర్‌ని అడగాల్సింది "ఇది ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు చూపించాలి" అని. కాగితం మీది మాట ఆ జవాబు ఇవ్వదు.

నిజానికి ఈ మొన ఊహ మన తెలుగుకి కొత్త కాదు. గుండెపోటు అంటాం. పోటు ఎక్కడిది? పొడవడం నుంచి వచ్చింది, కత్తిపోటులో ఉన్నదే. తలపోటు, పంటిపోటు, కడుపులో పోటు. సాగే బాధకు 'సలుపు', 'నొప్పి' అంటూ, ఒక్కసారిగా గుచ్చేదానికి పోటు అన్నారు మన పెద్దవాళ్లు. లాటిన్ వైద్యులు అకూతుస్ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నదీ పోటే. డాక్టర్లు 'అక్యూట్ మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అని నోరు తిరగని పేరుతో చెప్పేదాన్ని మన అమ్మమ్మలు గుండెపోటు అని ఒక్క ముక్కలో చెప్పారు. ఇంత మంచి మాట చేతిలో పెట్టుకుని మేం తీవ్రం వెంట పడ్డాం.

జ్వరం మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి. లాటిన్‌లో 'ఫెబ్రిస్ అకూతా' అంటే వాడి జ్వరం. ఫ్రెంచి వాళ్ల నోట్లో ఆ అకూతా నలిగి 'ఆగ్యూ' అయింది. జ్వరం అనే మాట రాలిపోయి విశేషణమే మిగిలింది. అదే ఇంగ్లీషులో 'ఏగ్యూ'. వణుకుతూ వచ్చే చలిజ్వరానికి, ముఖ్యంగా ఇప్పుడు మనం మలేరియా అనేదానికి, ఇంగ్లీషు వాళ్లు కొన్ని వందల ఏళ్లు ఆ పేరే వాడారు. ఆ చలిజ్వరం దోమ ద్వారా వస్తుందనే గుట్టు తేలింది ఎక్కడో కాదు, సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించుకోమని, ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడట. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది, ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుతున్నారు. మా ఇంటికి దగ్గర్లోని ఫీవర్ ఆస్పత్రికి కూడా ఆయన పేరే పెట్టారు కానీ ఆటోవాళ్లకి ఆ పేరు చెబితే తెలియదు, 'కోరంటి దవాఖానా' అనాలి. కోరంటి అంటే క్వారంటైన్. ఇటాలియన్‌లో నలభై అనే మాట నుంచి పుట్టి, ఓడల్ని నలభై రోజులు రేవు బయట ఆపిన వెనిస్ నుంచి బయల్దేరి, నల్లకుంట ఆటోస్టాండుకు చేరి కోరంటి అయింది. ఇది మన ప్రశ్నలో లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

స్వరం గురించి త్వరగా చెప్పేస్తాను. కొన్ని పాత ఇరానీ హోటళ్ల బోర్డుల మీద ఇంగ్లీషులో కేఫే అని రాసినప్పుడు చివరి అక్షరం నెత్తిన కుడివైపు పైకి లేచిన ఒక చిన్న గీత ఉంటుంది. దాని పేరు అక్యూట్ యాక్సెంట్. గ్రీకులో గొంతు పైకి లేచే అక్షరానికి 'వాడి స్వరం' అని, దిగే స్వరానికి 'బరువు స్వరం' అని పేర్లు. లాటిన్‌లో అవి అకూతుస్, గ్రావిస్ అయ్యాయి. మన వేదపాఠంలో ఉదాత్తం, అనుదాత్తం ఉన్నట్టే. కాకపోతే ఋగ్వేదం పుస్తకాల్లో ఉదాత్తానికి గుర్తే పెట్టరు, అనుదాత్తానికి కింద అడ్డగీత, ఉదాత్తం నుంచి కిందికి జారే స్వరితానికి పైన నిలువుగీత పెడతారు. ఇంకో విచిత్రం: ఆ లాటిన్ గ్రావిస్, మన సంస్కృతం 'గురు' ఒకే ధాతువు పిల్లలు. గురుకోణం, గ్రేవ్ యాక్సెంట్ వరసకు అన్నదమ్ములు.

రుచికి కూడా ఈ మొన ఉంది. నాలుక మీద గుచ్చేది పులుపు. లాటిన్‌లో పులుపుగా ఉండటాన్ని చెప్పే మాట కూడా 'అక్' ధాతువుదే, ఇంగ్లీషు యాసిడ్ అక్కడిది. వెనిగర్ అంటే ఫ్రెంచిలో వాడి ద్రాక్షసారా. గ్రీకు 'ఒక్సుస్'కి కూడా వాడి, పులుపు రెండర్థాలూ ఉన్నాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోజియె ఒక వాయువు వల్లే ఆమ్లాలన్నీ పుడతాయని పొరబడి దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు, పులుపును పుట్టించేది అని. మన పాత తెలుగు సైన్సు పుస్తకాలు దాన్ని మక్కీకి మక్కీ 'ఆమ్లజని' అన్నాయి. పొరపాటుతో సహా అనువదించారు! ప్రాణవాయువు అనడం మొదలుపెట్టాక ఆ పొరపాటు మనకి వదిలింది, ఇంగ్లీషు వాళ్లకి ఇంకా వదల్లేదు.

ఇక బుద్ధి. లాటిన్ అకుమెన్ అంటే మొన, ఇంగ్లీషులో అక్యుమెన్ అంటే వ్యాపారమో రాజకీయమో ఇట్టే పసిగట్టే తెలివి. మన దగ్గర కుశాగ్రబుద్ధి ఉంది, దర్భ కొసంత వాడి బుద్ధి. ఇంగ్లీషు వాళ్లది కత్తి, మనది గడ్డిపోచ. చేయి కోసుకున్నవాళ్లకి తెలుసు, గడ్డిపోచ తక్కువదేం కాదు. మొనగాడు అన్న మాట కూడా ఇక్కడ గుర్తొస్తుంది. తెలుగులో మొన అంటే కొస, యుద్ధంలో సేన ముందువరస కూడా. లాటిన్‌లో 'అకియెస్' అనే మాటకి కత్తి అంచు, చూపు వాడి, సేన వరస అని మూడర్థాలూ ఉన్నాయి. ఎవరూ ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు. కత్తి పట్టిన వాళ్లందరికీ ఒకేలా తోచింది.

మరి అక్యూట్‌కి తెలుగులో సరిజోడు ఏది అంటే, పుస్తకాల్లో 'తీక్ష్ణం'. తీక్ష్ణమైన బాణం, తీక్ష్ణమైన చూపు, తీక్ష్ణమైన బుద్ధి. పదును పెట్టడం అనే అర్థమున్న 'తిజ్' ధాతువు నుంచి వచ్చింది. తేజస్సు కూడా అక్కడిదే, సంస్కృతంలో తేజస్సుకి కత్తి అంచు, మంట కొస అనే అర్థాలూ ఉన్నాయి. తీవ్రం అలాంటిది కాదు, అది ఎక్కువ తక్కువల మాట. అందుకే 'అక్యూట్ షార్టేజ్'ని తీవ్ర కొరత అంటే నాకు పేచీ లేదు, అక్కడ చెప్పేది ఎంత అన్నదే. కానీ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి తీక్ష్ణం కంటే మంచి మాట వీధిలోనే ఉంది: తేజ్. చాకు తేజ్, మిర్చీ తేజ్, పిల్లోడి దిమాగ్ తేజ్, బండి తేజ్, బుఖార్ తేజ్. అంచు, రుచి, బుద్ధి, జ్వరం, నాలుగూ ఒక్క మాటలో. పారసీకం నుంచి ఉర్దూలోకి వచ్చిన ఈ తేజ్, మన తేజస్సు సొంత చుట్టాలు. సైకిల్ మీద సాన పట్టే ఆయన "ఛురీ కైంచీ తేజ్" అని కేక వేసినప్పుడల్లా లాటిన్ అకూతుస్‌కి ఇంతకంటే సరైన అనువాదం నేను ముప్పై ఏళ్లలో చేయలేదని నవ్వుకుంటాను.

స్పెల్లింగ్ గురించి చిన్న మాట. అక్యూట్‌లో 'సి' ఒక్కటే. చాలామంది రెండు రాస్తారు, అక్యురేట్‌తో కలగాపులగం చేసుకుని. అక్యురేట్ వేరే కుటుంబం, శ్రద్ధ అనే అర్థమున్న లాటిన్ 'కూరా' నుంచి వచ్చింది. అందులో సూదీ లేదు, కత్తీ లేదు. అలాగే ఎకరంలో ఉన్న ఇంగ్లీషు మాట కూడా చుట్టం కాదు, అది పొలం మాట.

చివరిగా మీ క్యూట్ ప్రశ్న. చుట్టం కాదు, అక్యూట్ సొంత బిడ్డే. ఇంగ్లీషువాళ్లు త్వరగా మాట్లాడుతూ మొదటి అక్షరం మింగేస్తే మిగిలింది అది. 1731 నాటికే రాతలో కనిపిస్తుంది. ఆ రోజుల్లో మింగిన అక్షరానికి గుర్తుగా ముందు ఒక కామా లాంటి చుక్క పెట్టేవాళ్లు. అప్పుడు దాని అర్థం ముద్దుగా ఉండటం కాదు, గడుసు, మాటకారి, టక్కున పట్టేసే మనిషి. వంద ఏళ్ల తర్వాత, 1830ల్లో, అమెరికాలో విద్యార్థులు దాన్ని చూడముచ్చటగా ఉన్నవాటికి వాడటం మొదలుపెట్టారు. మెల్లగా గడుసుతనం జారిపోయి ముద్దు మిగిలింది. ఆస్పత్రి కాగితం చూసి అందరూ కంగారుపడుతుంటే "చిన్నదా పెద్దదా" అని నిలదీసిన మీ పాపకి 1731 నాటి అర్థంలోనూ ఆ మాట చెల్లుతుంది.